అరుదైన కొలువులు – వానికి తగిన గుణములు



లోకములో పనులు రెండు తెగలు. పలువురు చేయునవి కొన్ని. ఊరికొక్కరో సీమకొక్కరో చేయునవి కొన్ని. సేద్యము, నేత, వడ్రంగము, వర్తకము మొదటి తెగకు చేరినవి. వానికేమి నేర్పు కావలయునో మనకందఱకు తెలియును. చేయువారు పెక్కుమంది గనుక మంచి పనివానికిని చెడ్డ పనివానికిని గల భేదము మన కన్నుల యెదుటనే యుండును. రెండవ తెగ పనుల మాట యట్లు కాదు. ఒక్కరే చేయుచుండుటచే పోల్చి చూచుటకు మఱియొకరుండరు. ఆ పని సాగుచున్నంత కాలము దానినెవ్వరును తలపోయరు. అది సాగని నాడే దాని విలువ తెలియును.

అట్టి అరుదైన కొలువులను గూర్చియు, వానికి కావలసిన గుణములను గూర్చియు నేడు కొన్ని మాటలు మనవి చేయుదును. ఇందుకై దూరదేశపు వింతలను వెదకనక్కఱలేదు. మా చంద్రగిరి చుట్టుప్రక్కలను, దాని చరిత్రలోను అట్టి కొలువులు చాలినన్ని కలవు.

చంద్రగిరి పేరు వినని తెలుగువారుండరు. సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనమెక్కుటకు ముందు ఆయన బలమంతయు ఈ కోటలోనే పెరిగినది. అరవీటి వంశపు రాయలు తుదిదినములలో ఇచ్చటినుండియే రాజ్యమేలిరి. రాజమహలు, రాణీమహలు నేటికిని కొండ క్రింద నిలిచియున్నవి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు మా యూరు అందు చేరినది. 2022 ఏప్రిలునుండి తిరుపతి జిల్లాలో నున్నది. రాజులు పోయిరి, జిల్లాల యెల్లలు మాఱినవి. కాని ఈ సీమలో కొన్ని చిన్న కొలువులు రాజులకంటె ఎక్కువ కాలము నిలిచినవి. ఏల నిలిచినవో తెలిసికొనుట మనకు మేలు.

మొదట తిరుమల కొండ మాట. తెల్లవాఱుటకు చాల ముందు, జనులు గాఢనిద్రలో నున్న వేళ, ఒకరు దివిటీ చేతబట్టుకొని అర్చకుల యింటికి పోయి వారిని తోడ్కొని గుడికి వత్తురు. వారిని సన్నిధిగొల్ల యందురు. వారు యాదవ కులమువారు. అర్చకులు, జియ్యంగారి తరఫువారు, ఆలయోద్యోగులు కూడిన పిమ్మట బంగారువాకిలి తెఱువబడును. అప్పుడు వెలుగు చూపుచు ముందు నడచువారు సన్నిధిగొల్ల. ఆనాటి తొలిదర్శనము వారి పాలబడును. లోకమంతయు గంటలకొలది వరుసలో నిలిచి కోరుకొను భాగ్యము వారికి దినచర్య.

ఈ కొలువునకు ఏ గుణము కావలయును? పెద్ద చదువు కాదు, దేహబలము కాదు. వానయైనను చలియైనను వేళ తప్పరాదు. ఇంట పెండ్లియని, ఒంట నలతయని వాకిలి ఆలస్యముగా తెఱచుట పనికిరాదు. తనకు వీలుపడనినాడు తనవంటివానిని సిద్ధపఱచి యుంచవలయును. ఇది యొక గుణము. దీనికంటె కష్టమైనది రెండవది. ప్రతిదినము మొదట చూచుచున్నాను గనుక ఇది నాది యను తలపు మనసున చేరకుండ కాచుకొనవలయును. ముందు నడచువాడు దారి చూపువాడే గాని దొర కాడు.

కొండమీదిదే మఱియొక కొలువు పరకామణి. భక్తులు హుండీలో వేసిన కానుకలను లెక్కించుటకు ఆ పేరు. నాణెములు, నోట్లు, పరదేశపు ద్రవ్యములు, బంగారము, వెండి అన్నియు ఒక్కటిగా కలిసి వచ్చును. వానిని వేఱుచేసి, ఎంచి, కట్టలు కట్టి లెక్కకు తేవలయును. పూర్వము ఈ పని గుడి లోపలనే జరిగెడిది. 2023 నుండి వెలుపల కట్టిన క్రొత్త భవనమున జరుగుచున్నది. దేవస్థానపు ఉద్యోగులేగాక, బ్యాంకులు మొదలగు సంస్థల ఉద్యోగులును సేవగా వచ్చి యెంచుదురు. పురుషులు పంచె కట్టుకొని పోవలయును. జేబులుండరాదు, తనదైన పైసగాని, ఉంగరముగాని లోనికి కొనిపోరాదు. పోవునపుడును వచ్చునపుడును సోదా చేయుదురు.

ఈ సోదాను చూచి అవమానమనుకొనువారు కలరు. నా యుద్దేశము వేఱు. నిజాయితీ గలవానికి తనిఖీ కంచెవంటిది. కంచె లేని తోటలో ఒక్క కాయ పోయినను కాపలావానిమీదనే అనుమానము వచ్చును. కంచె యున్నచోట వాడు తలయెత్తుకొని తిరుగును. కావున మంచి పనివానికి తనిఖీ అడ్డు కాదు, అండ. కాని కంచె యొక్కటియే తోటను కాపాడదు. పగలెల్ల కుప్పలకొలది ధనమును చేతులతో ముట్టి, సాయంకాలము ఒట్టి చేతులతో ఇంటికి పోయి, తన జీతముతో తృప్తినొందుటకు లోపలి బలము కావలయును. ఎంచుచున్నది ధనమని మఱచి, ఎంచుట యను పనిమీదనే దృష్టి నిలుపువానికి అది యలవడును.

మూడవది మాటను మోయు కొలువు. 1639 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారికి చెన్నపట్టణము కట్టుకొనిన ఇసుకనేల దక్కినది. దానిని ఇచ్చినవాడు చంద్రగిరి రాయల సామంతుడగు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. పిమ్మట 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కును ధ్రువపఱచెను. ఇచ్చినవారు తెలుగువారు, పుచ్చుకొన్నవారు ఇంగ్లీషువారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. నడుమ దుభాషి లేనిదే అట్టి బేరము నడువదు. రాజు పేరును దొర పేరును చరిత్రలో నిలిచినవి. మాటను ఇటునుండి అటు చేర్చినవారిని జనులు తలచుకొనరు.

ఆ కొలువులో కీర్తి గడించిన తెలుగువాడొకడు కలడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషిగా నుండిరి. ఆయన 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి మీదుగా పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చి, దారిలో చూచినదంతయు వ్రాసియుంచిరి. ఆయన 1836లో గతింపగా, కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. మనము ఆయనను యాత్రికునిగా ఎఱుగుదుము. కాని ఆయన జీవిక న్యాయస్థానమున పరుల మాటను పరులకు చేర్చుట. సాక్షి యేడ్చుచు చెప్పినను, వాది కోపముతో చెప్పినను, దుభాషి తన కన్నీటినిగాని కోపమునుగాని అందు కలుపరాదు. చెప్పినవానికి మేలు చేయదలచి ఒక మాట చేర్చినను తప్పే; కీడు కలుగునని ఒక మాట మింగినను తప్పే. తాను మధ్యనుండియు లేనివానివలె నుండవలయును. లోకములో ఇంతకంటె కష్టమైన నిగ్రహము అరుదు.

ఈ మూడు కొలువులలోను ఒక్కటే లక్షణము కనబడుచున్నది. ఒకరి చేతిలో వాకిలి, ఒకరి చేతిలో ధనము, ఒకరి నోట మాట. మూడును పదిమంది కోరునవి. మూడును పనివానివి కావు. చేతిలో నున్నది తనది కాదను ఎఱుక వీనికన్నిటికి మూలగుణము. తక్కిన నేర్పులు నేర్చుకొనవచ్చును. ఈ యెఱుక లేనిచో ఆ నేర్పులే ఊరికి చేటు తెచ్చును.

ఇక నాలుగవ కొలువు మన పల్లెలది. నేటి ప్రసంగమునకు ఇదియే ముఖ్యము. కొండమీది ధనమునకును పల్లెలోని ఈ కొలువునకును పాత సంబంధము కలదు. తిరుమల తిరుపతి శాసనములు చదివినవారెఱుగుదురు. పదునైదు పదునాఱవ శతాబ్దములలో భక్తులు సమర్పించిన ద్రవ్యముతో దేవస్థానపు గ్రామములలో చెఱువులును కాలువలును త్రవ్వించిరి. హెచ్చిన పంటతో స్వామికి నైవేద్యములు నడపిరి. అనగా హుండీలోని కాసు నీరై, నీరు వరియై, వరి ప్రసాదమైనది. ఆ నీటిని చేతబట్టి నడపినవాడు నీరుగంటి.

తెలంగాణములో ఆతనిని నీరడి యందురు. అరవసీమలో నీర్కట్టి యందురు. పేరేదైనను పని యొక్కటియే. చెఱువు తూము తెఱచుట, మూయుట, కాలువలు బాగుచేయుట, ఎవరి వంతు నీరు వారి కయ్యకు పాఱించుట, వానకాలమున కట్టమీద కాపుండుట. పాత తూములు మీరు చూచియే యుందురు. నీటిలో రెండు రాతికంబములు, నడుమ అడ్డరాళ్లు, క్రింద బెజ్జము గల బండ, ఆ బెజ్జమున కొయ్యబిరడా. నిండు చెఱువులో మునిగి, కన్నులకేమియు కానరాకున్నను చేతి స్పర్శతోనే ఆ బిరడాను సరిచేయుట ఆతని పని. ఎంత ఎత్తిన ఎంత నీరు పోవునో ఆతని చేతికి తెలియును.

ఆతనికి గడియారము లేదు. పగలు నీడనుబట్టియు, రాత్రి పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్కలనుబట్టియు వంతులు మార్చును. ఏ కయ్య ఇసుకపాటిదో, ఏది బంకమన్నుదో, ఏది ఎంతసేపటికి నిండునో ఆతనికి కంఠస్థము. చెఱువు సగమే నిండిన యేట ఆతని పని మఱింత కష్టము. అట్టి యేట ఆయకట్టంతయు నాటరు. తూమునకు దగ్గఱనున్న కొంత భాగమును మాత్రమే యెంచి, ఎవరి భూమి ఎంతయో ఆ లెక్కను అందఱకు పంచి, ఆ యొక్క పంటకు సాగుచేసికొందురు. దీనిని దామాషా యందురు. కడపటి కయ్యవాడును ఆ యేట ఆఱుమూటల వడ్లో పదిమూటల వడ్లో ఇంటికి తెచ్చుకొనును. ఒకడు నిండుగా పండించుకొని పదిమంది ఎండుటకంటె, అందఱు కొంచెము కొంచెము తినుట మేలని మన పెద్దలు తలచిరి.

ఇక కట్ట కాపు. ఎండ్రకాయ బొక్క, ఎలుక బొక్క, చెట్టువేరు, ఇవియన్నియు కట్టకు శత్రువులు. వానరాత్రి కట్ట వెలుపలి వైపున ఊట కనబడినపుడు నీరుగంటి లాంతరు దింపి ఆ నీటిని దోసిట పట్టి చూచును. నీరు తేటగా నున్నచో కొంత నిబ్బరము. బురదగా మాఱినచో లోపలినుండి మట్టి తరలిపోవుచున్నదని అర్థము. అప్పుడు ఊరిని లేపవలయును. పోరుమామిళ్ల చెఱువు కట్టించిన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనమున, మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును ఆఱు దోషములును చెప్పబడినవి. దోషములలో కట్టనుండి నీరూరుట యొకటి. సాధనములలో మంచి నేల, మంచి రాయి, మంచి నీరు మాత్రమేగాక, ధర్మాత్ముడగు ప్రభువు, నీటిశాస్త్ర మెఱిగినవాడు, నేర్పరులగు పనివారు అనియు కలదు. ఆఱువందల యేండ్లకు పూర్వమే మనవారు చెఱువును మట్టిపని యని మాత్రమే తలపలేదు. మనుష్యులు చెడినచో చెఱువు చెడునని వారెఱుగుదురు.

నీరుగంటి గుణమును నేను మా చిన్ననాట కన్నులార చూచితిని. అది వానలు తప్పిన యేడు. రాత్రి రెండవజామున మా తండ్రిగారి వెంట కట్టమీదికి పోతిని. మా యూరిలో పలుకుబడి గల మోతుబరి యొకడు మడవ దగ్గఱ నిలిచియున్నాడు. ఆతని వంతు అప్పుడే తీఱినది. నీరుగంటి పార తీసికొని మడవ తిప్పబోవుచున్నాడు.

మోతుబరి నెమ్మదిగా అనెను: "ఇంగొక గడియ ఉండనీరా. ఈ చీకట్లో ఎవురు జూస్తారు?"

నీరుగంటి తల వంచుకొనియే బదులు చెప్పెను: "ఎవురూ చూడబల్లేదు సామీ. తెల్లారితే కింది కయ్యే చెప్తాది. నీళ్లు నావి గావు, మీకిచ్చేదానికి."

అని మడవ తిప్పివేసెను. ఆ మాటలో గర్వము లేదు, భయమును లేదు. మఱునాడు మోతుబరి రచ్చబండకడ ఫిర్యాదు చేసెను. ఊరి పెద్దగారు ఒక్కటే అడిగిరి: "ఆ వేళ వంతు ఎవరిది?" వంతు క్రింది కయ్యవానిదని అందఱకు తెలియును. "అయితే వాడు చేసినది వాని పని" అని పెద్దగారు లేచిపోయిరి. నీరుగంటికి ధైర్యము ఆతని గుండెలో కొంత, రచ్చబండమీద కొంత యుండెనని నేను పెద్దవాడనైన పిమ్మట గ్రహించితిని. ఆ పెద్దగారు నాడు నీళ్లు నమలియుండినచో మఱునాటి రాత్రి ఏ నీరుగంటియు మడవ తిప్పగలిగెడివాడు కాడు.

ఇందు చెప్పక తప్పని మాట యొకటి కలదు. చాలచోట్ల నీరుగంటి మాల మాదిగ కుటుంబములనుండి వచ్చినవాడు. ఆయకట్టులో ఆతనికి మడి లేదు. మడి లేదు గనుక తనవైపు నీరు తిప్పుకొనునను అనుమానము లేదు. అందుచేతనే ఊరంతయు ఆతనిని నమ్మినది. కాని అదే యూరు ఆతనిని ఇంటి గడప త్రొక్కనీయలేదు. కళ్లములో ఆతని మేర దూరమునుండి పోసిరి. పైరునకు ప్రాణమిచ్చు చేతిని అంటరానిదనిరి. ఆతని నిష్పక్షపాతమును మనము మెచ్చుకొంటిమి. దానికి ఆధారముగా ఆతని పేదతనమును నిలిపి ఉంచితిమి. ఇది న్యాయము కాదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. మన మనసులలోని రచ్చబండ దానిని ఎంతవఱకు అంగీకరించినదో ఎవరికివారు తలచుకొనవలయును.

ఆస్తి లేనివాడే పక్షపాతము లేకుండ నుండునని యనుట సరికాదు. దీనికి దూరదేశపు దృష్టాంత మొకటి కలదు. స్పెయిను దేశమున వలెన్సియా నగరములో నీటితగవులు తీర్చు సభ యొకటి పలుశతాబ్దములుగా నడచుచున్నది. ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు పెద్ద చర్చి వాకిలియొద్ద కాలువల ప్రతినిధులు ఎనమండుగురు కూర్చుందురు. వారు స్వయముగా రైతులే. వకీళ్లు లేరు, వాదమంతయు నోటిమాటతోనే. నదికి కుడిగట్టువాని తప్పును ఎడమగట్టువారును, ఎడమగట్టువాని తప్పును కుడిగట్టువారును నిర్ణయింతురు. 2009లో ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక సంస్థ దీనిని మానవజాతి వారసత్వములలో చేర్చినది. వారికి భూమి కలదు. అయినను పక్షపాతము రానీయని యేర్పాటు కలదు. కావున పేదతనమునకు బదులు మంచి యేర్పాటుతో నిష్పక్షపాతమును నిలుపవచ్చును.

ఇప్పటి స్థితి యేమి? వంశపారంపర్యపు కొలువుల కాలము చాలవఱకు గడచినది. 1984లో మన రాష్ట్రమున రెడ్డి కరణముల గ్రామోద్యోగములు రద్దయ్యెను. 1987 నాటి శాసనము దేవాలయములలోని వంశపు హక్కులను తొలగింపగా, 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 1997లో నీటి వినియోగదారుల సంఘములకు శాసనము వచ్చినది. తండ్రి చేసినది గనుక కొడుకునకు హక్కు అను పద్ధతి పోవుట మంచిదే. ఆ పద్ధతిలో అన్యాయముండెను. కాని దానితోపాటు చిన్నతనమునుండి తండ్రి వెంట కట్టమీద తిరిగి నేర్చుకొను చదువును పోయినది. ఆ చదువు చెప్పు బడి మఱియొకటి మనము పెట్టలేదు.

దీనికి తోడు బోరుబావులు వచ్చినవి. ఎవరి బోరు వారిదే, ఎవరి నీరు వారిదే యని రైతు చెఱువును మఱచెను. చెఱువు నిండినగాని బావిలో నీరూరదను మాటను కూడ మఱచెను. కళ్లములో మేర కొలుచుట మానిరి. నీరుగంటి కొడుకు తిరుపతిలో కూలికి పోయెను. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. కూలియు మర్యాదయు లేనిచోట ఎవడు నిలుచును?

2021 నవంబరులో మా సీమలో కుండపోతగా వానలు కురిసినవి. స్వర్ణముఖి పొంగినది. చంద్రగిరికి సమీపమున రామచంద్రాపురము మండలములోని రాయలచెఱువు కట్టనుండి నీరును మట్టియు జాఱుచుండగా, క్రింది పల్లెల ప్రజలను ఇండ్లు విడిపించి సురక్షిత స్థలములకు పంపిరి. రేయింబవళ్లు మట్టిమూటలు వేసి కట్టను నిలిపిరి. ఆ పని చేసినవారందఱకు మనము ఋణపడియున్నాము. నేనిచ్చట ఎవరిని నిందింపను. ఒక్క మాట మాత్రము అడుగుదును. మీ యూరి చెఱువు కట్టమీద వానరాత్రి ఊటను దోసిట పట్టి, ఇది తేటనీరో బురదనీరో చెప్పగలవాడు నేడు ఎవడు? ఆతని పేరు మీకు వెంటనే స్ఫురించినచో మీ యూరు భాగ్యవంతము. స్ఫురింపనిచో మిగిలిన నా మాటలు మీకొఱకే.

క్రొత్తగా ఆ కొలువునకు మనిషిని ఎంచుకొనునపుడు నాలుగు సంగతులు చూడుడు. మొదటిది, వేళ తప్పనివాడా? పిలిచిన వేళకు వచ్చునా, పిలువకున్నను వచ్చునా? రెండవది, చిన్న గుర్తును గమనించువాడా? గట్టుమీద నడచి వచ్చి ఏమి చూచితివని యడిగినపుడు నాలుగు సంగతులు చెప్పగలవాడు కావలయును. మూడవది, మెత్తగా కాదనగలవాడా? గట్టిగా కేకలువేయువాడు పనికిరాడు. ఊరితో తగవులు తెచ్చును. అందఱకు అవుననువాడును పనికిరాడు. నీరు బలవంతుని కయ్యకే పోవును. నాలుగవది, తన చేతిలోనిది తనది కాదను ఎఱుక గలవాడా? దీనిని మాటలతో తెలిసికొనలేము. చిన్న పనులు అప్పగించి, లెక్క యడిగి, ఏడాది చూచి తెలిసికొనవలయును. ఏ కులమువాడైనను సరే, స్త్రీయైనను పురుషుడైనను సరే.

మనిషిని ఎంచుటతో మన పని తీఱదు. ఊరు చేయవలసినవి మూడు కలవు. ఆతనికి ఇయ్యవలసినది నలుగురి యెదుట, గడువు తప్పక ఇయ్యవలయును. చాటుగా ఇచ్చినది ముట్టుకోలు. బహిరంగముగా ఇచ్చినది జీతము. వంతుల పట్టిక రచ్చబండకడ గోడమీద వ్రాయవలయును. అది ఆతనికి అండ. ఆతడు కాదన్ననాడు పెద్దలు ఆతని వెనుక నిలువవలయును. అన్నిటికంటె ముఖ్యము ఈ కడపటిది. ఎందుకనగా, నిజాయితీ గలవాడు ఒంటరియైనచో ఎక్కువ దినములు నిలువలేడు. నిలువలేదని ఆతనిని తప్పుపట్టుటకు ముందు, ఆతనిని ఒంటరిని చేసినది ఎవరని మనము ప్రశ్నించుకొనవలయును.

ఇంకొక మాట. ముసలి నీరుగంట్లు కొందఱు నేటికిని మన పల్లెలలో నున్నారు. వారు పోయిననాడు వారి చేతిలోని విద్యయు వారితోనే పోవును. అది ఏ పుస్తకములోను లేదు. వానకాలము రాకమునుపే మీ యూరి పడుచువారిని ఇద్దఱు ముగ్గురిని వారి వెంట కట్టమీదికి పంపుడు. ఆ ముసలివారిని అరుగుమీద కూర్చుండబెట్టి, చల్ల యిచ్చి, అడిగి తెలిసికొనుడు. ఏ తూము ఎక్కడ కాఱునో, ఏ కాలువ ఏ చోట తెగునో, కలుజుమీదుగా నీరు ఎంత పోయిననాడు ఊరిని లేపవలయునో వ్రాయించి యుంచుడు. ఇందుకు సర్కారు ఉత్తరువు అక్కఱలేదు, ధనమును అక్కఱలేదు. ఒక పూట తీరిక చాలును.

అరుదైన కొలువులు అరుదుగా నుండుట వింత కాదు. వానికి తగిన మనుష్యులు కూడ అరుదైపోకుండ చూచుట పెద్దల పని. ఆ పెద్దలు మీరు.